అమ్మ పేరు మీద ఒక ఖాతా

తిరుపతిలో ఒక మందుల షాపు మేడ మీద మా ఆఫీసు. ఉన్నది నలుగురం. ఎవరి జబ్బుల వివరాలు వాళ్ళే కంప్యూటర్లో పెట్టుకుని, తమకిష్టమైన డాక్టరుకు చూపించుకునే ఏర్పాటు ఒకటి తయారు చేస్తున్నాం. దాని మీద నాకంత పట్టుదల అమ్మ వల్లే. ఆమెకు ఒక ఇంజెక్షన్ పడదు. ఒకసారి చిత్తూరులో తెలియక వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, చచ్చి బతికింది. ఇప్పుడు పిత్తాశయంలో రాళ్ళకు తిరుపతిలో ఆపరేషన్. డాక్టరు కొత్త. ఆ ఇంజెక్షన్ సంగతి ఆయన కళ్ళముందు ఉండి తీరాలి.

ఆ నెలలోనే తొలి వెర్షన్ విడుదల చేశాం. జనానికి కాదు, దాని మీద ప్రోగ్రాములు రాసే డెవలపర్లకు మాత్రమే. తప్పులుంటే చెప్పండి అని రాశాం. అడిగిందే పాపం, దుమ్మెత్తిపోశారు. ఎలా పనిచేస్తుందో చూసుకోవడానికి మా ఇళ్ళల్లో వాళ్ళకూ ఇచ్చాం. వాడి చూస్తానని అమ్మ డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. నాయనకు ఫోన్ చేసి, నెట్ సెంటర్‌కు వెళ్ళి అమ్మ వివరాలు ఎక్కించమన్నాను.

ఎక్కించాడు, తన పేరు మీద. తన షుగరు, అమ్మ ఇంజెక్షన్, నా చిన్నప్పటి ఉబ్బసం, అమ్మ కాన్పులు, అన్నీ ఒకే ఖాతాలో. అరవై ఏళ్ళ మగమనిషికి రెండు కాన్పులంటే మా ప్రోగ్రాం నోరు మెదపకుండా తీసుకుంది. ఆఫీసులో మిగతా ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ పేరుతో వెతికితే ఖాళీ.

"అమ్మకు వేరేగా తెరవమన్నాను కదా నాయనా!"

"వేరే ఎందుకు పాపా? రేషన్ కార్డు నా పేరే, గ్యాసు నా పేరే. నేనుండాను కదా!"

ఆయనతో వాదించడం నా వల్ల కాలేదు. ఆపరేషన్‌కు ముందురోజు అమ్మ ఊరి నుంచి రాగానే ఆఫీసుకు తీసుకొచ్చి, కొత్త ఖాతా తెరిచాను. ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. ఇంజెక్షన్ పేరు అన్నిటికన్నా పైన పెట్టాం.

"ఇది ఎవురెవురికి కనపడతాది?" అంది.

"నువ్వు ఒప్పుకున్నవాళ్ళకే."

"మీ నాయనకు?"

"నువ్వు ఒప్పుకుంటేనే."

అమ్మ నన్ను లేవమని తాను కూర్చుంది. పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. "అట్లా తిరుగు" అంటే నేను కిటికీ వైపు తిరిగాను.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ ఒప్పుకోవడంతో డాక్టరు ముందే చూసుకుని వేరే మందు వాడాడట. ఆ మాట విన్నాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

మర్నాడు ఆఫీసులో అమ్మ ఖాతా తెరవబోయాను. 'ఈ వివరాలు చూడటానికి మీకు అనుమతి లేదు' అని వచ్చింది. ఆ వాక్యం రాసింది నేనే. చురుక్కుమంది. సర్వర్ నా చేతిలోనే ఉంది, కావాలంటే చూడొచ్చు. చూడలేదు. ఆస్పత్రికి వెళ్ళి అడిగాను.

"ఏం దాచిపెట్టావమ్మా?"

"దాచేదానికి ఏముండాది పాపా? నీకు తెలీనిది ఏమీ లేదు. నాదని ఒకటి ఉండనీ." మళ్ళీ తనే, "మీ నాయన దాంట్లో నా కాన్పులు ఉండాయంట కదా, అవి తీసెయ్" అంది.

మంచం పక్కన బత్తాయి ఒలుస్తున్న నాయన తలెత్తాడు. "అన్నీ తీసేస్తే నా దాంట్లో ఏం మిగుల్తాది?"

"షుగరుండాది కదా" అంది అమ్మ. "అది సాలు."