నిరుటి పసుపు

ఎల్లుండి బడులు తెరుస్తారని ఈ రోజు మా వీధి పిల్లలకు పార్టీ ఇచ్చాను. కేకు, మురుకులు, గాంధీపురం బజారులో కొన్న నోటుబుక్కులు. మా ఇళ్లలో కొత్త పుస్తకం నాలుగు మూలలా పసుపు పెట్టకుండా ఇవ్వరు. ఏటా మా అత్త పెట్టేది. ఆమె పోయి ఏడు నెలలు. ఈసారి నేనే పెట్టాను.

ఒక పుస్తకం తక్కువైంది. బీరువాలో వెతికితే నిరుడు మిగిలింది ఒకటి దొరికింది. మూలల్లో ఎండిన పసుపు, అందులో అత్త వేలిగీతలు. దాన్నే పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ల పాపకు ఇచ్చాను.

"ఆంటీ, దీనికి పసుపు ఎవురు పెట్టిరి?"

"ఈ ఇంటి అవ్వ. పోయిన ఏడే పెట్టింది."

"నేను వస్తానని అవ్వకెట్లా తెలుసు?"

నిరుడు "ఎవరికని ఒకటి ఎక్కువ పెట్టినారు?" అని నేనే అత్తను కసిరాను. ఆమె దాన్ని తీసి బీరువాలో పెట్టింది. ఇవాళ నేను పాప చేతిలో ఇంకో మురుకు పెట్టాను. మీరైతే ఏం చెప్పేవారు?