అద్దెకివ్వని నుదురు

రాడోయ్కో నుదురు చాలా పెద్దది. డాన్యూబ్‌కి ఇవతల ఒడ్డున ఉన్న పల్లెల్లో అంత విశాలమైన నుదురు ఇంకొకడికి లేదు. అకార్డియన్ వాయించేవాడికి అదొక ఆస్తి. వాయించేటప్పుడు చేతులు రెండూ మీటల మీదే ఉంటాయి కదా. పాట మధ్యలో పెళ్లివారిలో ఒకడికి హుషారెక్కి బక్షీసు ఇవ్వాలనిపిస్తే ఎక్కడ పెడతాడు? నోటును నాలుకతో తడిపి వాద్యగాడి నుదుటికి ఠప్పున అంటిస్తాడు. అది చూసి పక్కవాడికి రోషమొచ్చి ఇంకో నోటు నాకుతాడు. తాతల కాలం నుంచీ ఇదే తంతు.

ఒక పెళ్లిలో నోట్లు రాడోయ్కో నుదురంతా నిండి కళ్ల మీదికి దిగాయి. ముందేముందో కనపడక అతను వాయిస్తూనే నడుచుకుంటూ పోయాడు. అతని వెనకే, చేయీ చేయీ పట్టుకుని కోలో నాట్యం ఆడుతున్న గొలుసంతా కదిలింది. పందిరి దాటారు, పక్కింటి ప్లమ్ తోట దాటారు, నదిలో మోకాటి లోతు దాకా పోయారు. పెళ్లికూతురి బూట్లలోకి నీళ్లు వెళ్లి ఆమె కెవ్వుమంటే అప్పుడు ఆగారు. ఇంకాస్త దూరం పోయి ఉంటే పెళ్లంతా అవతలి ఒడ్డున రొమేనియాలో తేలేది. నమ్మనివాళ్లు వెళ్లి ఆ బూట్లు చూసుకోవచ్చు, ఇప్పటికీ ఆరలేదు.

అలాంటి నుదురును వియన్నా పాడుచేసింది.

రాడోయ్కో అక్కడ రెండు చలికాలాలు గడిపాడు. పిన్ని కొడుకు వంటింట్లో పడుకునేవాడు, పగలు రైల్వే స్టేషన్ మెట్ల మీద కూర్చుని వాయించేవాడు. పెట్టెలో చిల్లర పడేది కానీ వేసినవాళ్లెవరూ ఆగి మొహం చూసేవాళ్లు కాదు. ఒకరోజు బూడిద రంగు కోటు వేసుకున్న ఒక ముసలావిడ పాట అయ్యేదాకా చలిలో నిలబడింది. అయ్యాక చేతి తొడుగు తీసి, నోటు అతని అరచేతిలో పెట్టి, ఆ చెయ్యి తన చేత్తో మూసి, "చాలా బాగా వాయించారండీ" అని వెళ్లిపోయింది. అంతే జరిగింది. కానీ పుట్టి బుద్ధెరిగాక డోలు సన్నాయి పట్టినవాణ్ణి ఎవరైనా 'మీరు' అనడం రాడోయ్కో అప్పుడే విన్నాడు.

వసంతంలో ఊరికొచ్చి, మొదటి పెళ్లిలోనే ప్రకటించాడు. నుదుటి మీద ఎవరూ అంటించొద్దు, ఇవ్వాలనుకుంటే పాట అయ్యాక చేతికివ్వండి అన్నాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. వియన్నా దొరగారు వచ్చారన్నారు. వంగి దండాలు పెట్టారు. బక్షీసు మాత్రం పెట్టలేదు.

అతనితో డోలు వాయించేది మేనమామ, పేరు త్రాయిలో. అక్క కొడుక్కి అకార్డియన్ నేర్పించింది కూడా అతనే. త్రాయిలో నవ్వలేదు, బెంబేలెత్తిపోయాడు. పెళ్లివారు మాట్లాడుకుని ఇచ్చేది దారి ఖర్చులకే సరిపోతుంది, బతుకంతా బక్షీసు మీదే. "ఒరేయ్ అల్లుడూ, రక్తం వేడిగా ఉన్నప్పుడే జేబు తెరుచుకుంటుంది. పాట అయ్యాక మనిషికి గుర్తొచ్చేది పంది వేపుడు. నీ మొహం కాదు" అన్నాడు. నిజమే అయింది. ఆ వేసవిలో ప్రతి పెళ్లికీ రాబడి సగానికి పడిపోయింది. క్లారినెట్ వాయించేవాడు ఇంకో మేళంలోకి పోయాడు. ఆ వియన్నా ముసలమ్మ ఎదురుపడితే డోలు పుల్లలతో రెండు తగిలిస్తానని త్రాయిలో ఊరంతా చెప్పుకు తిరిగాడు.

చివరికి ఆగస్టులో జోర్గోవాన్ కూతురి పెళ్లి వచ్చింది. జోర్గోవాన్ వియన్నాలో స్నానాల గదులకు పలకలు పరుస్తాడు. అక్కడ హోటల్లో బిల్లు చెప్పగానే పైన ఒక యూరో కలిపి మెల్లగా చేతిలో పెట్టి లేవాలి. ఆ యూరో మిగుల్చుకోవడానికి ఏడాది పొడవునా మెషీన్ దగ్గరే కాఫీ తాగుతాడు. ఆగస్టులో ఊళ్లోకి వచ్చాడంటే మాత్రం రాజే. ఆ నెలలో అతను నాకినన్ని నోట్లు బ్యాంకు గుమాస్తా కూడా నాకి ఉండడు.

పెళ్లికి ముందురోజు త్రాయిలో తేల్చి చెప్పేశాడు. "రేపు నుదురు ఇస్తావా సరే, లేదా నెగోతిన్ పట్నం నుంచి ఇంకో అకార్డియన్‌వాణ్ణి తెచ్చుకుంటా. వాడి నుదురు నీ అంత లేదు కానీ వాడికి బుద్ధుంది."

రాడోయ్కో రాత్రంతా అకార్డియన్ తుడుస్తూ కూర్చున్నాడు.

పెళ్లిలో కోలో ఊపందుకోగానే జోర్గోవాన్ గొలుసులోంచి బయటికొచ్చాడు. వంద యూరోల నోటు తీసి, అందరికీ కనపడేలా గాలిలో ఆడించి, నాలుక బారెడు చాపి నిలువునా నాకి, రాడోయ్కో మీదికొచ్చాడు. రాడోయ్కో వాయిస్తూనే తల పక్కకి తిప్పాడు. జోర్గోవాన్ అటు తిరిగితే ఇతను ఇటు తిరిగాడు. ఇద్దరూ బల్లల చుట్టూ రెండుసార్లు తిరిగారు. చివరికి జోర్గోవాన్ బలంగా కొట్టిన దెబ్బకి నోటు పోయి త్రాయిలో చెవికి అంటుకుంది. త్రాయిలో ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూస్తూ డోలు వాయించసాగాడు. జోర్గోవాన్ దాన్ని పీకి, మళ్లీ నాకాడు.

అప్పుడు రాడోయ్కో పాట ఆపేశాడు.

ఆ ఊళ్లో కోలో మధ్యలో ఆగడం అంతకుముందు ఒక్కసారే జరిగింది, వరదొచ్చినప్పుడు. అదీ వాద్యగాళ్లు కొట్టుకుపోయారు కనక. గొలుసులో ఉన్నవాళ్లందరి కాళ్లూ ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. రాడోయ్కో అరచెయ్యి చాచి, "చేతికివ్వు, అన్నా" అన్నాడు.

జోర్గోవాన్ నవ్వుతూ నోటు ఆ అరచేతిలో పడేశాడు. రాడోయ్కో వేళ్లు ముడవలేదు.

"తుడిచి ఇవ్వు."

"ఏంట్రా?" జోర్గోవాన్ మొహంలో నవ్వు పోయింది. "రెండు చలికాలాలు మెట్ల మీద కూర్చున్నోడివి, నాకు మర్యాద నేర్పుతావా? పద్దెనిమిదేళ్ల బట్టి ఉంటున్నా నేనక్కడ."

"మరి అక్కడ ఎప్పుడైనా వెయిటర్ నుదుటి మీద అంటించావా?"

"అక్కడ అంటిస్తే పోలీసుల్ని పిలుస్తారు."

"ఇక్కడ పిలవరనేగా నాకుతున్నావు."

ఎవరో కిసుక్కున నవ్వారు. జోర్గోవాన్ నోటు లాక్కుని నేలకేసి కొట్టి, గేటువైపు వేలు చూపించాడు. నా కూతురి పెళ్లిలో నాకే షరతులు పెట్టే కూలోడు నాకక్కర్లేదన్నాడు. రాడోయ్కో అకార్డియన్ పట్టీ బిగించుకుని నడిచాడు.

అందరూ త్రాయిలో వైపు చూశారు. ముసలాయన నింపాదిగా లేచి డోలు భుజానికెత్తుకున్నాడు. "నేనూ నాలుగు నెలల బట్టి వీణ్ణి తిడుతూనే ఉన్నా జోర్గోవాన్. వీడు మొండివెధవే. కానీ వీడికి గేటు చూపించే పని నాది, నీది కాదు" అంటూ వంగి, నేల మీద నోటు తీసి జేబులో వేసుకుని మరీ బయల్దేరాడు.

రోడ్డు మీదికి రాగానే రాడోయ్కో ఆగాడు. ఏ స్వరం దగ్గర ఆపాడో సరిగ్గా అక్కణ్ణుంచే మళ్లీ అందుకున్నాడు. లోపల ఆడేవాళ్లు ఇంకా చేతులు వదల్లేదు. ఎత్తిన కాలు ఎక్కడో ఒకచోట దించాలి కదా. పెళ్లికూతురే ముందు కదిలింది. ఆమె వెనక గొలుసంతా గేటు దాటి రోడ్డు మీదికొచ్చేసింది. జోర్గోవాన్ ఖాళీ పందిట్లో ఒక్కడే మిగిలిపోబోతుంటే, వాళ్లమ్మ స్తామేనా పక్కవాడి చెయ్యి వదిలి కొడుకు చెయ్యి పట్టుకుంది. పెళ్లికూతురి తండ్రివి కుక్కలతో కలిసి నిలబడతావా అని ఈడ్చుకొచ్చి, మనవరాలికీ తనకీ మధ్యన బిగించింది.

ఇప్పుడు జోర్గోవాన్ చేతులు రెండూ ఖాళీగా లేవు. ఒకటి కూతురి చేతిలో ఉంది, ఒకటి తల్లి చేతిలో ఉంది. కూతురి పెళ్లిలో కోలో గొలుసు తెంపిన తండ్రి గురించి ఆ ఊరు మనవల కాలం దాకా చెప్పుకుంటుంది.

త్రాయిలో ఒక చేత్తో డోలు వాయిస్తూ, రెండో చేత్తో జేబులోంచి నోటు తీశాడు. తీరిగ్గా నాకి జోర్గోవాన్ నుదుటికి అంటించాడు. "ఏం చెయ్యను నాయనా, నీ చేతులు ఖాళీ లేవాయె" అన్నాడు.

జోర్గోవాన్ తల విదిలించాడు. నోటు కదల్లేదు. త్రాయిలో ఉమ్ములో అంత బలముంది మరి. ఆయన అంటించిన స్టాంపు ఊడదీయలేక పోస్టుమాస్టరు కవరుతో సహా తినేశాడని చెప్పుకుంటారు. రోడ్డు పొడుగునా నవ్వులు లేచాయి, పెళ్లికూతురు కూడా నవ్వింది. రాడోయ్కో తలుచుకుంటే పాట అక్కడే ముగించి అతన్ని విడిపించి ఉండొచ్చు. ముగించలేదు. మొదటికి తిప్పి మళ్లీ వాయించాడు. ఆ కోలో మొదలైనప్పుడు పక్క చేలో మొక్కజొన్నలు లేత కండెల మీదున్నాయి, అయ్యేసరికి కోతకొచ్చాయి.

పాట ఆగాక జోర్గోవాన్ నుదుటి మీది నోటు పీక్కున్నాడు. మొహం ఎర్రగా ఉంది. కొట్టడానికే వస్తున్నాడనుకున్నారంతా. అతను నోటు వంక కాసేపు చూసి, కొత్త చొక్కాకి అటూ ఇటూ తుడిచి, తెచ్చి రాడోయ్కో చేతిలో పెట్టాడు. మొహంలోకి మాత్రం చూడలేదు. రాడోయ్కో ఆ చెయ్యి వదలకుండా, అతను తలెత్తేదాకా పట్టుకున్నాడు.

"ధన్యవాదాలు జోర్గోవాన్ గారూ."

"రేపట్నుంచి రసీదు కూడా రాస్తాడు" అని త్రాయిలో గొణిగాడు.

ఆ రోజు రాబడి నుదురిచ్చిన రోజుల కంటే తక్కువే. క్లారినెట్ తిరిగి రాలేదు. నెగోతిన్‌వాడికి కబురు కూడా పోలేదు.

తరవాతి వారం ఎగువ పల్లెలో ఇంకో పెళ్లి. ఈ సంగతులేవీ తెలియని ఒక పెద్దమనిషి నోటు నాకి, చెయ్యెత్తి, రాడోయ్కో నుదుటి మీదికి వచ్చాడు. పాట ఆగింది. కానీ ఈసారి ముందు ఆగింది అకార్డియన్ కాదు, డోలు.

"తుడిచి చేతికివ్వండి బాబూ," అన్నాడు త్రాయిలో, పుల్లలు గాల్లోనే పట్టుకుని. "ఆ నుదురు అద్దెకివ్వడం మానేశాం."