మహారాణిగారి జవాబు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. (చిన్న కారణమైనా ఉండేదంటే మావారు ఇప్పటికీ ఒప్పుకోరు, అది వేరే సంగతి.) కొత్తగా పెళ్లయి, గుడివాడ నుంచి విమానాలు మారి మారి, దక్షిణాఫ్రికాలో వెరులం అనే ఊళ్లో వచ్చి పడ్డాను. ఆ దేశంలో అందరికీ ఓటు వచ్చి ఏడాదో, ఏడాదిన్నరో అయింది. టీవీ పెడితే హక్కులు, రాజ్యాంగం. వీధిలో ఎవరిని కదిపినా "ఇకనుంచి మా మాట మేమే చెప్పుకుంటాం" అనేవాళ్లే. నేను మాత్రం లెక్కల్లో ఎమ్మెస్సీ, ఆపైన బీయీడీ చదివి, పప్పుకి పోపు పెట్టుకుంటూ కూర్చున్నాను. మావారికి చక్కెర మిల్లులో ఇంజనీరు ఉద్యోగం. దానికి సరేనని రాసేసి, టికెట్లు కూడా కొన్నాక నాతో చెప్పారు, అదీ ఇడ్లీ తింటూ. పోనీలే అనుకున్నాను. ఇక్కడికొచ్చాక ఊళ్లో హైస్కూలు హెడ్మాస్టరు లెక్కలు చెప్పే మనిషి కావాలని, మీ ఆవిడ వస్తుందా అని అడిగాడట. "మా ఆవిడకి ఇంటి పనే సరిపోతుందండీ" అని ఈయనే జవాబు చెప్పేసి వచ్చారు. నాలుగు రోజులు పోయాక, చారు బాగుందని చెప్పినంత తేలిగ్గా ఆ సంగతి నా చెవిన వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపొచ్చింది. పైకి మాత్రం "మజ్జిగ పొయ్యనా?" అన్నాను.

సరిగ్గా ఆ మంట మీద ఉండగా మా వీధి చివరి హాల్లో నాటకం రిహార్సలుకి రమ్మని కబురొచ్చింది. చెరుకు తోటల్లో పనికని ఓడెక్కిన తాతలు తమతో మోసుకొచ్చిన నాటకం అది. కథ చెప్తాను, మీకూ మండాలి కదా. ఒక రాజుగారు ఒక మునికి ఏది కోరినా ఇస్తానని మాట ఇస్తాడు. ఆశ్రమంలో నీళ్లు మోసి వంట చేసిపెట్టడానికి మీ రాణిని పంపమంటాడు ముని. రాజు ఆవిణ్ణి ఒక్క మాటైనా అడక్కుండా పన్నెండేళ్లకి ఇచ్చేస్తాడు. (ముని వంట నేర్చుకుంటే ఏం పోయిందని ఏ అంకంలోనూ ఎవరూ అడగరు.) గడువు తీరాక రాజు వచ్చి, "ధర్మము నిలబెట్టితిని" అని ఛాతీ విరుచుకుంటాడు. అప్పుడు రాణి జవాబు చెప్తుంది. ఆ జవాబు వినడానికే జనం వచ్చేవారు.

రాణి వేషం కట్టే ఆవిణ్ణి ఊరంతా రాణక్క అనేవాళ్లు. యాభై ఏళ్ల మనిషి, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పని. రాజు వేషం ఆవిడ సొంత మొగుడిదే. వెరులం నుంచి డర్బన్‌కి బస్సు నడిపేవాడు, నేను బావగారూ అని పిలిచేదాన్ని. అక్కడివాళ్లకి తెలుగులో మిగిలినవి వరసలు, వంటల పేర్లు, దేవుడి పాటలు, ఇంకా తిట్లు. మిగతా మాటంతా ఇంగ్లీషే. పెద్దవాళ్ల నోట ఇంగ్లీషు కలిసిన ఇంటి తెలుగు ఇంకా ఆడేది కానీ, నాటకంలోని గ్రాంథికం ఎవరికీ అందేది కాదు. అందుకని నాటకాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, అర్థం సంగతి దేవుడికి వదిలేసి, పెద్దలు పలికినట్టే పలికేవారు. నేను అసలు తెలుగు అమ్మాయినని, ఉచ్చారణ దిద్దమని నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

రాణి జవాబు ఘట్టం వచ్చింది. రాణక్క కొంగు బిగించి, బావగారి ముక్కు దగ్గర వేలు పెట్టి, కళ్లు ఎర్రజేసి అందుకుంది. "ప్రాణనాథా! తమ మాటే నాకు వేదము! తమ పాదధూళియే నాకు పసుపు కుంకుమ! ఈ దాసిని పన్నెండేండ్లు కాదు, నూరేండ్లు ఎవరికిచ్చినను ధన్యురాలను!" ధన్యురాలను అంటూ చేతిలోని బిందె నేలకేసి కొట్టింది. బావగారు నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు చప్పట్లతో హాలు దద్దరిల్లించారు. నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను.

"ఎలాగుంది, గర్ల్? మాటలు క్లియరుగ వస్తన్నాయా?" అంది రాణక్క, చెమట తుడుచుకుంటూ.

"వస్తున్నాయక్కా. కానీ అంత కోపం దేనికి?"

"తిడతన్నాను కదా మరి!"

"ఇందులో తిట్టు లేదక్కా. మీ కాళ్ల కింద దుమ్మే నా భాగ్యం, నన్ను ఎవరికిచ్చినా సంతోషమే అంటోంది రాణి."

"హైబో!" అంది రాణక్క. (జులూవాళ్ల మాట అది. ఆశ్చర్యానికీ, చిరాకుకీ అక్కడ అందరూ వాడతారు.) "అంటే ఇన్నేళ్లూ నాను ఈడికి దండం పెట్టినానా?"

బావగారు ముఖం పక్కకి తిప్పుకుని మీసంలో నవ్వుకున్నాడు. సంఘం ప్రెసిడెంట్ అంకుల్ మాత్రం, మందుల షాపాయన, లేచి నిలబడ్డాడు. "సీ? డ్యూటీ! వైఫ్ డ్యూటీ! మనం రాంగుగ చేస్తన్నాం. ఈ ఇయర్ కరెక్టుగ చేద్దాం. తల దించి, స్లోగ చెప్పి, లాస్టుల రాజు కాళ్ల మీద పడాలి. కొత్త కౌన్సిలర్ వస్తంది, మన కల్చర్ చూడాలి కదా."

కల్చరట! నిన్నటిదాకా ఒక్క ముక్క అర్థం తెలియని మనిషికి, ఆడది కాళ్ల మీద పడాలనగానే భాషంతా వచ్చేసింది. రాజు అడక్కుండా ఇచ్చేశాడే, ఆయనకి డ్యూటీ లేదా? ఆ నాటకం రాసిన మహానుభావుడు ఎదురుగా ఉంటే ఆ సొట్టబడ్డ బిందెతోనే సన్మానం చేసేదాన్ని. ఇంటికొచ్చి చపాతీ పిండి మీద కసి తీర్చుకున్నాను. ఆ పూట చపాతీలు ఎన్నడూ లేనంత మెత్తగా వచ్చాయన్నారు మావారు.

మర్నాడు పొద్దున్నే రాణక్క గిన్నెడు బిర్యానీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. లోపలికొచ్చి కూర్చుంది. ఎప్పుడూ గలగలలాడే మనిషి, గొంతు తగ్గించి మాట్లాడింది. "ఇంట్ల నాను నోరు తెరిస్తే ఆయన టీవీ సౌండు పెంచుతాడు, గర్ల్. స్టేజీ మీద టీవీ లేదు. ఇయరంతా నాను ఆ పది నిమిషాల కోసం ఊరుకుంటాను. నువ్వు తీసీసావు. నువ్వే ఇవ్వు."

"నేనెలా ఇస్తానక్కా?"

"కొత్త మాటలు రాయి. పాతవాటిలాగుండాలి. ఎవుడికి తెలుస్తది?"

ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక నేను కాదనలేకపోయాను. స్టవ్ ఆపేసి కాగితం తీశాను. అడవిలో రాణిగారి కష్టాలు ఏముంటాయా అని కలం కొరుకుతూ కూర్చుంటే ఒక్క వాక్యమూ కదల్లేదు. ఇంతలో పడగ్గదిలో మంచం మీద మావారు పడేసి వెళ్లిన తడి తువాలు కనపడింది. ఇక చూడండి! "మహారాజా! నా జవాబు నన్నడుగకయే నీవెట్లు చెప్పితివి? గుమ్మమునకు వచ్చిన కొలువును నా బదులుగా నీవెట్లు త్రోసిపుచ్చితివి? చదివిన చదువంతయు పోపుగింజలతో వేగిపోవుచున్నదే! ఉప్పు గల్లొకటి మించినచో మూడు దినములు మౌనవ్రతము పట్టుదువే! స్నానానంతరమున తడి అంగవస్త్రమును పాన్పుపై పారవైచుట ఏ శాస్త్రమున గలదు?" రాస్తుంటే చేయి నొప్పి తెలియలేదు. అంతా ఇంగ్లీషు అక్షరాల్లోకి దించి, ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పి ఇచ్చాను. రాణక్క పడీ పడీ నవ్వింది. "మా ఆయన తువాలు సంగతి నీకెవరు సెప్పారు?" అంది. ఆ నవ్వుతో నాకు కూడా ఎక్కడో ముడి వదిలింది. ఆవిడ వెళ్లాక నేనొక ఫోన్ చేశాను. అదేమిటో తర్వాత చెప్తాను.

నాటకం ఆదివారం మధ్యాహ్నం. ముందు వరసలో జులూ కౌన్సిలరమ్మ, ఆవిడ పక్కన ప్రెసిడెంట్ అంకుల్, వాళ్ల వెనకే ఇస్త్రీ చొక్కాలో మావారు. హాల్లో అన్ని వందల మంది ఉన్నారు కానీ, ఆ గ్రాంథికం పూర్తిగా తెలిసినవాడు ఆయనొక్కడే. ఈ సంగతి నాకు ముందే తోచిందా అంటారా? తోచింది. రాణక్క వేలెత్తి "మహారాజా!" అనగానే మావారు కుర్చీలో హాయిగా వెనక్కి వాలారు. 'కొలువు' దగ్గర నిటారుగా కూర్చున్నారు. 'మౌనవ్రతము' దగ్గర అటూ ఇటూ చూశారు. 'తడి అంగవస్త్రము' వచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. అంకుల్ చల్లగా లేచి, తెర పక్కన కాగితాలు పట్టుకున్న నా దగ్గరికి వచ్చి, "కాళ్ల మీద పడేది ఎక్కడ?" అని గుసగుసలాడాడు. "తర్వాతి పేజీలో ఉందంకుల్" అన్నాను. రాణక్క చివర్లో, నేను రాయని మాట ఒకటి సొంతంగా చేర్చింది. బిందె ఎత్తి, నేలకేసి కొట్టి, "సన్నాసీ!" అంది. ఆ ఒక్క ముక్కా అందరికీ తెలుసు. హాలు విరగబడి నవ్వింది. కౌన్సిలరమ్మ లేచి నిలబడి, నాలుక ఆడిస్తూ జులూ ఆడవాళ్లు పెళ్లిళ్లలో తీసే కూత తీసింది. బావగారు అడుగు వెనక్కి వేయలేదు ఈసారి. బిందె తీసుకొచ్చి, రెండు చేతులతో రాణికి అందించాడు. అది ఏ కాగితంలోనూ లేదు.

కారు ఇంటి మలుపు తిరిగాక మావారు గొంతు సవరించుకుని, "రేపు ఆ హెడ్మాస్టరుతో నేను మాట్లాడతాన్లే" అన్నారు.

"అక్కర్లేదు. శుక్రవారమే నేను ఫోన్ చేసి మాట్లాడాను. ఎల్లుండి నుంచి రమ్మన్నారు."

"నాతో ఒక్క మాటైనా..." అని మొదలుపెట్టి, ఎందుకో అక్కడే ఆగిపోయారు.

అదంతా జరిగి చాలా ఏళ్లయింది. నేను ఆ స్కూల్లోనే రిటైరయ్యాను. ఇప్పుడు రాణి వేషం రాణక్క మనవరాలిది. నా తువాలు గొడవంతా తాతల నాటి సాహిత్యమని ఆ పిల్ల కళ్లకద్దుకుని వల్లిస్తుంది, నేనూ పెద్దరికంగా తలూపుతాను. మొన్న రిహార్సల్లో ఆ పిల్ల ఆగి, "ఆంటీ, ఈ మాటలు కోపంగ సెప్పాలా, దండం పెట్టి సెప్పాలా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా వెనక కుర్చీలోంచి మావారు అందుకున్నారు. "కోపంగానే అమ్మా. అలాగైతేనే తలకెక్కుతుంది." రాణక్క చేతికర్రతో నేల మీద కొట్టి నవ్వింది. నాకు కూడా ఆయన మీద ముచ్చటేసింది, దాచడమెందుకు.

ఇంటికొచ్చి చూస్తే మంచం మీద తడి తువాలు. ఒక్క మాట అనకుండా తీసి దండెం మీద ఆరేశాను, పైగా నవ్వుకుంటూ. ఆ రోజుల్లోని గుడివాడ పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తే, బిందె ఎత్తి, రాణక్క చేర్చిన ఆ ఆఖరి మాట నన్నే అనేది.