ఇటుకలకి ఆకలెయ్యదు

ఇందుమూలంగా యావన్మంది మిత్రులకూ, నా పోస్టులు చదివి కూడా లైకు కొట్టని పిసినారులకూ తెలియజేయడమేమనగా... ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనకు రెండు వైపుల నుంచీ రెండు బళ్ళు వచ్చినప్పుడు, ముందు లైటు కొట్టినవాడిదే వంతెన. ఈ న్యాయాన్ని ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకుని తీరాలి. ఐస్‌లాండు మాత్రం ఒప్పుకోలేదు.

మా చిన్నప్పుడు... మా ఊరి కాలవ మీద దొరల కాలం నాటి రాతి వంతెన ఉండేది. లారీ ఎక్కిందంటే సైకిలు వాళ్ళు పిట్టగోడకి బల్లుల్లా అతుక్కుపోవాల్సిందే. మా నాన్న ఇటుకల లారీ తోలేవాడు. బడి లేని రోజున నేనూ పక్కన ఎక్కేవాణ్ణి. వంతెన కనబడగానే నాన్న "కొట్టరా" అనేవాడు. నేను లైటు కొట్టేవాణ్ణి. అంటే, మేం వస్తున్నాం, నువ్వు ఆగు అని. అవతలివాడు ఆగేవాడు... తర్వాత పదో తరగతి తప్పిన నాకు జీవితంలో దక్కిన అధికారం అదొక్కటే.

ఒకరోజు ఎదురుగా ఎర్రబస్సు వచ్చింది. నేనూ కొట్టాను, బస్సువాడూ కొట్టాడు. రెండు బళ్ళూ ఎక్కేశాయి. నడిమధ్యలో ముక్కూ ముక్కూ రాసుకునేంత దగ్గరగా ఆగాయి.

"ముందు మా వాడు కొట్టాడు," అన్నాడు నాన్న.

"మీ వాడు పుట్టకముందు నుంచీ కొడుతున్నా నేను," అన్నాడు బస్సు డ్రైవరు.

ఎవరూ కదల్లేదు. అప్పుడు బస్సులోంచి ఒక ముసలమ్మ చేతికర్ర పట్టుకుని దిగింది. కర్రతో మా లారీని తట్టి, "ఏం వేసుకొచ్చావురా?" అంది.

"ఇటుకలమ్మా."

"నా వెనకాల ఉన్నది మనుషులు. ఇటుకలకి ఆకలెయ్యదు నాయనా, నువ్వు వెనక్కి తియ్యి."

వంతెనంతా ఒకటే నవ్వులు. నాన్న వెనక్కి తీశాడు. ఈ కథ మా అమ్మాయి హారికకి అన్నం కలిపి పెడుతూ ఎన్నిసార్లు చెప్పానో...

ఆ హారిక చదువు మొన్న అయిపోయింది. దేశానికి ఆ చివర, పడమటి తీరాన ఫ్రీమాంట్‌లో ఉద్యోగం. మేముండేది ఈ చివర, తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరోలో, నేను నడిపేది క్యాటరింగ్ వ్యాను. సోమవారం దాని ఫ్లైటు. ఈలోగా ముగ్గురం కలిసి ఐస్‌లాండు వెళ్ళాం. దీవి చుట్టూ ఒకటే రోడ్డు. అది తరిగేకొద్దీ నాకు కాలు నిలవలేదు. మ్యాపులో ఎక్కడ వంతెన కనబడితే అక్కడికి కారు తిప్పాను. వరదకి మెలికలు తిరిగిన పాత వంతెన ఇనుప దూలాలు చూశాం. రెండు ఖండాల మధ్య చీలిక మీద వేసిన నడక వంతెన మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగాం. జలపాతం తుంపర్లలో తడిసిన చెక్క వంతెన మీద నిలబడి టీ తాగాం. ఒకటి చూస్తుండగానే ఇంకొకటి ఎంత దూరమని ఫోను తీసేవాణ్ణి.

"ఇంకెన్ని వంతెనలండీ? నీళ్ళ మీద రోడ్డేగా," అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు, ఇది చారిత్రకం," అన్నాను. చరిత్రలో నాకొచ్చిన మార్కులు ఆవిడకి చెప్పలేదు.

వెనక్కి తిరిగే ముందు రోజు, బూడిద రంగు ఏటి మీద ఒంటి దారి వంతెన వచ్చింది. అవతల తెల్లటి వ్యాను. చెయ్యి ఊరుకుంటుందా... లైటు కొట్టాను, ఎక్కించేశాను. ఆ వ్యాను కూడా ఎక్కేసింది. నడిమధ్యలో ఆగాం. వ్యానులో ఒక ముసలాయన, ముసలావిడ... నవ్వుతూ చేతులూపుతున్నారు.

"చూశావా, ఎంత పొగరో," అన్నాను.

"డాడీ, వాళ్ళు థ్యాంక్స్ చెప్తున్నారు," అంది హారిక. "ఇక్కడ ఫ్లాష్ చేస్తే యూ గో ఫస్ట్ అని. నువ్వే రమ్మన్నావ్."

"ముందు కొట్టింది నేను."

"అందుకే వచ్చారు డాడీ."

"అయితే వాళ్ళనే వెనక్కి తియ్యమను."

"తియ్యండి మహానుభావా," అంది వెనక సీట్లోంచి మా ఆవిడ.

నేను స్టీరింగు వదల్లేదు. హారిక దిగొచ్చి నా వైపు తలుపు తీసింది.

"మన కార్‌లో ఏముంది డాడీ? సూట్‌కేసులే కదా. ఇటుకలకి ఆకలెయ్యదు... నువ్వు జరుగు."

జరిగాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్టుమెంట్ల వెనక, చెత్త డబ్బాల మధ్య దానికి రివర్సు నేర్పింది నేనే. సగం వంతెన పొడవునా రెయిలింగుకి తగలకుండా వెనక్కి తీసుకెళ్ళింది. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. ఆ తర్వాత స్టీరింగు మళ్ళీ నా చేతికి రాలేదు. ప్రతి వంతెన దగ్గరా ఆగి, అవతలివాళ్ళని ముందు పంపింది.

సోమవారం రానే వచ్చింది, వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఫోను చేస్తే, "బ్రిడ్జి మీద ఉన్నా డాడీ, ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తున్నా," అంటుంది. ఆ వంతెన మీద పోయేవాళ్ళ దారి వేరు, వచ్చేవాళ్ళ దారి వేరు. ఎవరూ ఎవరికీ ఎదురుపడరు, ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు. మా ఊరి రాతి వంతెన కూడా పోయింది, పెద్దది కట్టారు... మీ ఊరి ఇరుకు వంతెన మీద ఎవరు వెనక్కి తీసేవారు? కింద రాయండి, అబద్ధాలైనా పర్లేదు.

ఎందుకంటే నేనూ ఒకటి చెప్పాను. హారికా, చదువుతున్నావుగా... ఆ ముసలమ్మ లేదు. బస్సులోంచి ఎవరూ దిగలేదు, ఎవరూ నవ్వలేదు. నాన్న కాసేపు బస్సు కిటికీల్లోని మొహాల వంక చూసి, బీడీ పారేసి, తనంతట తనే వెనక్కి తీశాడు. మా నాన్న తగ్గాడని బడిలో చెప్పుకోలేక ముసలమ్మని నేను పుట్టించాను.

నువ్వు మాత్రం అచ్చం ఆయనలాగే తీశావు.