అక్రోటు కర్ర మీద మచ్చ

ఆ తుపాకిని నేను మొదట సగమే చూశాను. దుబాయ్ అల్ ఖూజ్‌లో మా చెక్కపని వర్క్‌షాపుకు ఒక ముసలి అరబ్బు దాని కర్రను, అంటే భుజానికి ఆనించే చెక్క భాగాన్ని, మాత్రం దుప్పట్లో చుట్టి తెచ్చాడు. ఇనుము ఇంట్లో తాళం వేసిన బీరువాలో ఉందన్నాడు. కరోనా మాస్కులు తీసేసిన ఏడాది అది. నేను అక్కడ కొలతలు చూసి ధరలు కట్టే ఉద్యోగం చేస్తున్నాను.

ముసలాయన మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, పెదనాన్న వరుస. వయసులో ఉండగా బొంబాయిలో వ్యాపారం చేసినవాడు, హిందీ మనకన్నా బాగా మాట్లాడతాడు. దుప్పటి విప్పి కర్రను నా బల్ల మీద పెట్టాడు. జింకల వేటకు ఆయన తండ్రి ఎప్పుడో చలిదేశంలో కొన్న తుపాకి అట. అక్రోటు కర్ర, అంటే వాల్‌నట్. చేయి పట్టే సన్నని చోట వెంట్రుకంత పగులు ఉంది.

"పగులు ఒక్కటే చూడండి. మిగతాది ముట్టుకోవద్దు" అన్నాడు. భుజానికి ఆనే మడమకు కాస్త ముందు, పైభాగంలో కర్ర నల్లబడి నున్నగా మెరుస్తున్న చోట వేలు పెట్టి, "ఇక్కడ మా నాన్న చెంప ఉంటుంది" అన్నాడు. ఉండేది అనలేదు.

పని మా వడ్రంగికి అప్పగించాను. జగిత్యాల దగ్గరి పల్లెవాడు, తాతల నాటి నుంచీ వాళ్లది ఇదే పని. పగులులోకి జిగురు దించి, లోపలి వైపు నుంచి సన్నని చీల వేసి, వారంలో ఆ గీత ఎక్కడుండేదో నాకే కనబడకుండా చేశాడు. ముసలాయన వచ్చి తీసుకెళ్లే రోజు దసరా అయింది.

దసరాకు ఇక్కడ సెలవు లేదు. కంపెనీ బస్సు దిగగానే మనవాళ్లు రంపాలు, ఉలులు, చిత్రిక యంత్రం అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి పనిలోకి దిగుతారు. నేను పాతికేళ్లు ముహూర్తాల మీద, వాస్తు మీద, బాబాల మీద వేదికలెక్కి వాదించినవాణ్ణి. దుబాయ్ వచ్చినా ఆ నోరు ఊరుకోలేదు. ఆ ఉదయం బల్ల మీద చూస్తే తుపాకి కర్రకు కూడా బొట్టు ఉంది. సరిగ్గా ఆ చెంప చోటున.

"ఇదేంటయ్యా?" అని వడ్రంగిని అడిగాను.

"ఆయుధ పూజ సార్. మన ఉలి, రంపం పనిముట్లాయె. అసలు ఆయుధం దొరికిందే ఇయ్యాల."

"అది నీదా? ఆయన మతం వేరు. అడగకుండా పరాయివాడి వస్తువు మీద నీ దేవుణ్ణి రుద్దుతావా?"

"రుద్దలేదు సార్, పెట్టిన. ఆగుండ్రి, తడిగుడ్డతోని నేనే తీస్త."

నా వాదనలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను. తప్పు నా చేతిలో ఉంది. అతను గుడ్డ తడిపి తెచ్చేలోగా పక్కనున్న డబ్బాలో గుడ్డపీలిక ముంచి నేనే తుడిచేశాను. డబ్బాలో ఉన్నది థిన్నర్, రంగులు కరిగించే మందు. బొట్టు పోయింది. బొట్టుతో పాటు ఆ నలుపు, ఆ నునుపు, చెంప చెమట ఏళ్ల తరబడి పట్టించిన మెరుపు అన్నీ పోయాయి. కోడిగుడ్డంత మేర కర్ర పాలిపోయి బయటపడింది.

వడ్రంగి తెచ్చిన తడిగుడ్డను బల్ల అంచున పెట్టాడు.

"చెరిపితిరి సార్" అన్నాడు. "పండుగ పూట బొట్టు చెరిపితే గిట్లనే అయితది."

తర్వాత గొంతు తగ్గించాడు. "ముసలాయనకు నేనే చెప్త. నూనె పట్టిచ్చేటప్పుడు నా చెయ్యి జారిందని. మీరు ఆఫీసోళ్లు, మీకెందుకు మాట."

అతని వీసా ఆ నెలాఖరులో రెన్యూవల్‌కు వెళ్లాలి. ముసలాయన ముదీర్ చెవిలో ఒక్క మాట వేస్తే ఖలాస్, జగిత్యాల బస్సే. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మధ్యాహ్నం దాకా నేను అతని మాటకు అడ్డు చెప్పలేదు. అన్నం కూడా తిన్నాను.

నన్ను కదిలించింది దయ కూడా కాదు. నేను నోరు మూసుకుంటే రెండు అబద్ధాలు నిలుస్తాయి. ముసలాయన దృష్టిలో పనిమంతుడి చేయి జారినట్టు. పనిమంతుడి దృష్టిలో దేవుడికి కోపం వచ్చినట్టు. రెండిటికీ సాక్ష్యం నా మౌనమే. జీవితమంతా కారణం చూపించండి, కారణం చూపించండి అని ఊరిమీద పడి అరిచినవాణ్ణి, కారణం నేనే అయిన రోజున దాన్ని దేవుడి ఖాతాలో వేసి కూర్చోవడమా?

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ముసలాయన వచ్చాడు. వడ్రంగి నోరు తెరవబోతుంటే నేను ముందుకు జరిగి జరిగింది జరిగినట్టు చెప్పాను. బొట్టు గురించీ చెప్పాను. ఆయన బొటనవేలితో ఆ మచ్చను చాలాసేపు తడిమాడు.

"పసుపు తడిగుడ్డతో పోయేదా?" అని వడ్రంగిని అడిగాడు.

"పోయేది సాబ్."

నా వైపు తిరిగాడు. "అతను నాన్న ముఖం మీద పసుపు పెట్టాడు. నువ్వు ముఖమే తీసేశావు."

 

ముదీర్‌కు చెప్పనన్నాడు. కాని కర్రను తీసుకుపోలేదు. "ఉస్తాద్, నూనె పెడితే తేరుకుంటుందా?" అంటే వడ్రంగి, "నలుపు రాదు సాబ్. నునుపు వస్తది, నెల పడతది" అన్నాడు. "సరే. ఎలాగో నువ్వు చెప్పు. ఇతను రుద్దుతాడు" అన్నాడు ముసలాయన.

అలా నెల రోజులు మధ్యాహ్నం భోజనం కాగానే అవిసె నూనె చుక్క వేసుకుని అరచేతి మడమతో అక్రోటు కర్రను రుద్దాను. "గంత నూనె వద్దు సార్, ఇది పులిహోర కాదు" అనేవాడు వడ్రంగి స్టూలు మీద కూర్చుని. "చెయ్యి వేడెక్కాలె. మీటింగుల మాట్లాడినట్టు బరబర కాదు, జెర నిమ్మళంగ." కర్రను చూడటం నేర్చుకున్నది అప్పుడే. లేత గోధుమరంగులో నల్లటి చారలు మడమ నుంచి బయల్దేరి, చేయి పట్టే వంపు దగ్గర ఒదిగి, తిన్నగా ముందుకు సాగుతాయి. చెట్టు పెరిగిన తీరు చూసి, బలం ఎటు నడవాలో అటే నడిచేలా కోశాడు చేసినవాడు. సన్నగా చెక్కిన గళ్లు పట్టు కోసం, అందం వాటి వెంట వచ్చింది. అవసరం లేని గీత ఒక్కటి కూడా నాకు దొరకలేదు.

నెల తర్వాత వడ్రంగితో కలిసి కర్రను అప్పగించడానికి వెళ్లి, షార్జాలో ముసలాయన ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, తుపాకిని మొత్తంగా చూశాను. ఆయన ఇనుమును కర్రలో కూర్చోబెట్టి కింద రెండు మరలు బిగించాడు. రెండూ కలిసిన చోట గోరు దూరే సందు లేదు. వెనుక కదులుతూ తూటాను లోపలికి నెట్టే గొళ్లెం ఊడదీసి సొరుగులో పెట్టాక నా చేతికి ఇచ్చాడు. చూడ్డానికి కనిపించేదానికంటే తేలిక. భుజానికి ఎత్తితే చెంప దానంతటదే పాలిపోయిన మచ్చ మీదికి వచ్చింది.

ఖాళీ తూటా ఒకటి చూపించాడు. నా చిటికెన వేలంత సన్నం, గుండు ఆరున్నర మిల్లీమీటర్లట.

"ఇంత చిన్నదా?" అన్నాను.

"జింకకు చాలు. నాన్న దగ్గర పెద్దవీ ఉండేవి, అమ్మేశాడు. పెద్ద తుపాకి భుజాన్ని గుద్దుతుంది. ఆ గుద్దుకు భయపడి మనిషి పేలకముందే కళ్లు మూస్తాడు. దెబ్బ ఎక్కడో తగిలి, జంతువు నెత్తురోడుతూ పారిపోతుంది. ఇది గుద్దదు. కళ్లు తెరిచే ఉంటాయి."

చంపే వస్తువును మెచ్చుకోవడం నాబోటివాడికి తగునా అని నన్ను నేను అడిగాను. వేట నాకు ఇప్పటికీ నచ్చదు. కాని ఎంత కావాలో అంతే బలం పెట్టుకుని, ఆ బలాన్ని కళ్లు తెరిచి వాడమనే వస్తువు అది. నా ఉపన్యాసాల్లో చాలావాటికి ఆ మర్యాద లేదు. గుడ్డపీలికకు అసలే లేదు.

తిరుగుదారిలో పికప్ నడుపుతూ వడ్రంగి అన్నాడు. "థిన్నర్‌తోనే పోయింది సార్, ఒప్పుకుంట. మరి ఆ డబ్బా మీ చేతికి ఎవలిచ్చిండ్రు?"

"ఎవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను."

"గట్లయితే దేవుని తప్పు లేదు" అన్నాడు.

నేను ఆ మాటకు వాదన పెట్టుకోలేదు.