సత్యవతి గారి లేబుళ్ల పుస్తకం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో నన్ను లింగసుగూరు నుంచి సింధనూరు తాలూకాకు సస్యరక్షణ అధికారిగా వేశారు. పైరు చూసి, పురుగును గుర్తించి, ఏ మందు కొట్టాలో చీటీ రాసివ్వడం నా పని. చీటీ మీద నా సంతకం ఉంటే రైతు ఇంకెవర్నీ అడిగేవాడు కాదు.

ఆ ఏడు ఆ తాలూకాలోని జవళగేర ఊళ్లో వరికి సుడిదోమ పడింది. దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చే పురుగు. చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. గోదావరి వైపు నుంచి వచ్చి ఆరెకరాలు కౌలుకు చేస్తున్న సత్యవతి గారికి మూడుసార్లు చీటీ రాశాను. ఒకటే మందు కొడితే పురుగు తట్టుకుంటుందని ప్రతిసారీ పేరు మార్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మూడో మందు తర్వాత వెళ్లేసరికి సగం చేను మాడిపోయి ఉంది. ఆవిడ గట్టు మీదికి నోటుపుస్తకం తెచ్చారు. కొట్టిన ప్రతి డబ్బా లేబులూ తేదీ వేసి అంటించారు, పక్కన నా చీటీ.

"మీరు చెప్పినట్టే మార్చి మార్చి కొట్టామండీ. మేమేమన్నా తేడా చేశామేమో చూడండి," అన్నారు.

లేబుళ్ల అడుగున సన్న అక్షరాల్లో అసలు రసాయనాలున్నాయి. మూడూ ఒకే కుటుంబానివి. చీటీ రాసేటప్పుడు నేను అంతదాకా చదవలేదు.

పురుగు ఒంట్లో విషాన్ని విరిచే ప్రొటీన్ ఒకటుంటుంది. విషపు అణువు వచ్చి అమరేందుకు దానికో గుంట. ఎక్కడో ఒక పురుగులో రెండు అమైనో ఆమ్లాలు మారి, మందు అణువు ఆ గుంటలో చక్కగా అమరి విరిగిపోతుంది. ఆ పురుగు బతుకుతుంది, మిగతావి చస్తాయి, తర్వాత చేనంతా దాని సంతానమే. పేరు మారినా అణువు ఆకారం, విద్యుదావేశం దాదాపు అవే అయితే ఆ గుంటే సరిపోతుంది. ఆ పురుగులను ఏరి పెంచింది నా చీటీలే.

ఈ ఏడు పురుగు ఉధృతి ఎక్కువమ్మా, మందుల తప్పేం లేదన్నాను.

"అంతేలెండి, మా ఖర్మ," అని ఆవిడ పుస్తకం మూశారు.

సంక్రాంతిలోపే కౌలు వదిలేసి వెళ్లిపోయారు. ఆవిడ జాగ్రత్త మనిషని ఊళ్లో పేరు. పైగా మందుల తప్పు లేదని నేనే చెప్పాను. పక్క రైతులు ఆవిడ వదిలివెళ్లిన ఆ పుస్తకం చూసి, వేసవి పంటకు అవే మూడూ అదే వరసలో కొట్టారు. వాళ్ల చేలూ పోయాయి.

మందు మార్చడమంటే డబ్బా మార్చడం కాదు, పురుగు ప్రొటీనుకు అమరని అణువును ఎంచడం. తప్పు రాసినవాడు ఆ రోజే, ఆ గట్టు మీదే చెప్పాలి. మొదటిది ఆలస్యంగానైనా నేర్చుకున్నాను. రెండోది చేయలేదు.