శాంతరాజు చేసిన టీసీ

మెర్లిన్‌కి కోపం వస్తే ఫిల్మ్‌నగర్ బస్తీలో కుళాయి దగ్గర కొట్టుకునేవాళ్లు కూడా నోరు మూసుకుంటారు. ఆ నోరు చూసే కాలేజీ పిల్లలు ఆమెను విద్యార్థి సంఘానికి నాయకురాలిని చేశారు. రెండు నెలలుగా మాత్రం ఆమెకు ఒకటే పని: టోలిచౌకిలో ఉంటున్న సూడాన్ పిల్ల రిహాబ్‌ని తమ కాలేజీలో బీయస్సీలో చేర్పించడం. రిహాబ్ యుద్ధం నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చింది. మార్కుల జాబితా ఉంది, శరణార్థి కార్డు ఉంది, లాయరు రాసిచ్చిన ప్రమాణపత్రం ఉంది. లేనిదల్లా ఒరిజినల్ టీసీ. బడే బాంబులకి కూలిపోతే టీసీ ఎవడిస్తాడండీ?

“గివన్ని నాకెందుకమ్మా? టీసీ లేకుంటే సీటు లేదు,” అని వాళ్లు వెళ్లినప్పుడల్లా అడ్మిషన్ల క్లర్కు తిప్పి పంపాడు. ఆ కాగితాలున్న ఫైలు తెరిచిన పాపాన పోలేదు.

చివరి రోజు వచ్చింది. సాయంత్రం ఐదు దాటితే ఏడాది పోయినట్టే. మెర్లిన్ రిహాబ్‌ని వెంటబెట్టుకుని వెళ్లి ఫైలు కౌంటరు మీద పడేసింది. పైనున్న కాగితం చూడగానే క్లర్కు ముఖం విప్పారింది.

“గిదే కదమ్మా నేనడిగింది! ముందే తెస్తే అయిపోతుండె గదా,” అంటూ ఫైలు మీద టపీమని ముద్ర కొట్టాడు.

ఏ కాగితమిది? మెర్లిన్ లాక్కుని చూసింది. టీ నీళ్లలో తడిపి పాతదానిలా చేసిన కాగితం, ఊదారంగు సీలు, వంకర సంతకం. ఓరి దేవుడా, ఇది నాన్న పనితనం! సినిమాల్లో కనిపించే కోర్టు తీర్పులూ వీలునామాలూ తయారుచేయడమే నాన్న శాంతరాజు ఉద్యోగం. పొద్దున ఫైలు చేతికిచ్చి “ధైర్యంగా వెళ్లమ్మా” అన్నది ఇందుకా! పైగా అసలు పేర్లు రాస్తే ఎవరో కేసు వేస్తారని సినిమా కాగితాల మీద లేని పేర్లే రాస్తారు. అలవాటు ఎక్కడికి పోతుంది? బడి పేరు “సువర్ణపురం ఇంటర్నేషనల్ స్కూల్” అని చక్కగా రాసిపెట్టాడు.

“అక్కా, ఇది నా బడి కాదు,” అంది రిహాబ్ భయంగా.

ముద్ర పడిపోయింది. నోరు మూసుకుంటే సీటు వచ్చినట్టే. కానీ రేపు ఎవడైనా పట్టుకుంటే ఈ పిల్లని దేశం నుంచే గెంటేస్తారు. మెర్లిన్‌కి ఒళ్లు మండిపోయింది.

“సార్, సూడాన్‌లో సువర్ణపురం ఎక్కడుంది? ఇది షూటింగ్ కాగితం. మా నాన్న చేశాడు, తప్పు మాదే,” అని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. “మీరు పేరైనా చదవలేదు! ఈ పిల్ల నిజం రెండు నెలలుగా మీ ముందుంటే ఒక్క పేజీ తిప్పలేదు, అబద్ధానికి మాత్రం అర నిమిషంలో ముద్ర కొట్టేశారు. సిగ్గుండాలి సార్!”

“టీసీ నువ్వే చింపినంక నేనేం జేయాలె? పోండి, టైమైంది,” అని అతను కిటికీ మూసేశాడు. మెర్లిన్ తలుపులు బాదింది, ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తింది. ఆయన అప్పటికే వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి శాంతరాజు గుమ్మంలోనే ఉన్నాడు.

“ఏమ్మా, సీటు వచ్చిందా?”

“వచ్చింది నాన్నా,” అంది మెర్లిన్, చెప్పులు విసిరికొట్టి. “నీ కాగితానికి వచ్చింది. రిహాబ్‌కి రాలేదు.”